మడి ఫోను

మడి కట్టుకోవడానికి ఇప్పుడు పట్టుబట్ట అక్కర్లేదు. బాగా చదువుకుని, కంప్యూటర్ల మధ్య ఉద్యోగం చేస్తూ, నెల తిరిగేసరికి దండిగా జీతం అందుకునేవాళ్లలో కొన్నేళ్లుగా వ్యాపిస్తున్న కొత్తరకం మడికి ఫోను మారిస్తే సరిపోతుంది. గూగుల్ తగలకూడదు, మెటా తగలకూడదు, అమెజాన్ నీడ పడకూడదు. పడితే మైల. మన సమాచారం పెద్ద టెక్ కంపెనీల చేతిలో పడకూడదన్నది ఈ ఆచారం వెనకున్న ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. చోద్యమంతా ఆచారంలోనూ, దాన్ని పాటించినవాడికి దక్కుతుందని చెప్పే ఫలశ్రుతిలోనూ ఉంది.

దీక్షకు ముహూర్తం పెట్టేది కుంభకోణం. 2013లో అమెరికా నిఘా గుట్టు విప్పుతూ స్నోడెన్ బయటపెట్టిన పత్రాలు ఒక ముహూర్తం, 2018లో ఫేస్‌బుక్ ఖాతాల సమాచారం లాగేసిన కేంబ్రిడ్జ్ అనలిటికా ఇంకొకటి. మన ఇళ్లదాకా వచ్చింది మాత్రం 2021 జనవరిలో. వాట్సాప్ తన ప్రైవసీ నిబంధనలు మారుస్తున్నానని, ఒప్పుకుంటేనే కొనసాగమని నోటీసు పెట్టింది. సిగ్నల్ యాప్ వాడమంటూ ఎలాన్ మస్క్ రెండు ముక్కల్లో ట్వీటు వేశాడు. వచ్చిపడ్డ జనం తాకిడికి సిగ్నల్‌లో ధ్రువీకరణ కోడ్‌లు ఆలస్యమయ్యాయి. వారం తర్వాత సర్వర్లే పడిపోయాయి. ఆ యాప్‌తో ఏ సంబంధమూ లేని సిగ్నల్ అడ్వాన్స్ అనే టెక్సాస్ చిన్న కంపెనీ షేరు, పేరు కలిసిన పుణ్యానికి, కొద్ది రోజుల్లోనే వేల శాతం పెరిగింది. ఇక్కడ ఫ్యామిలీ గ్రూపుల్లో గంభీరమైన వీడ్కోలు సందేశాలు పడ్డాయి. అలా సెలవు తీసుకున్నవాళ్లలో చాలామంది, పిన్ని కూతురి పెళ్లి ఏ ఫంక్షన్ హాల్లోనో తెలియక, చడీచప్పుడు లేకుండా అదే గ్రూపులోకి తిరిగొచ్చారు. వాట్సాప్‌కు ఇవాళ్టికీ ప్రపంచంలోకెల్లా పెద్ద సంత మన దేశమే.

దీక్షలో మొదటి ఘట్టం ఫోను ఎంపిక. ఇక్కడ రెండు శాఖలున్నాయి. మొదటిది ఆపిల్ శాఖ. ఇందులో చేరడానికి తెలివితో పనిలేదు, ఈఎంఐ కట్టే శక్తి చాలు. 2019 జనవరిలో లాస్ వేగాస్‌లో ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన జరుగుతుంటే, ఐఫోన్‌లో జరిగింది ఐఫోన్‌లోనే ఉంటుందని ఆపిల్ ఒక భవనం గోడ పొడవునా ప్రకటన వేసింది. అదే ఐఫోన్‌లోని సఫారీ బ్రౌజర్‌లో వెతుకులాట మొత్తం ముందుగా తన దగ్గరికే రావాలని గూగుల్ ఏటేటా డబ్బు చెల్లిస్తోంది. 2022లో ఆ మొత్తం 2,000 కోట్ల డాలర్లని అమెరికా ప్రభుత్వం గూగుల్ మీద వేసిన గుత్తాధిపత్యపు కేసులో తేలింది. గుమ్మానికి మామిడి తోరణం ఆపిల్ కట్టింది, పెరటి తలుపు కిరాయికిచ్చింది. సిరి అడగకుండానే మాటలు వింటోందని పడ్డ దావాను 2025 జనవరిలో, తప్పు ఒప్పుకోకుండానే, 9.5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది కూడా.

ఆపిల్‌కు రావలసిన మంచిపేరు ఆపిల్‌కు ఇవ్వాలి. డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో డగ్లస్ లీత్ 2021లో కొలిచి చూస్తే, ఊరికే బల్లమీద పెట్టిన ఫోను సైతం, ఆండ్రాయిడైనా ఐఫోనైనా, సగటున నాలుగున్నర నిమిషాలకోసారి తన కంపెనీకి కబురు పంపుతోంది. పరిమాణంలో మాత్రం గూగుల్ తీసుకునేది ఆపిల్ తీసుకునేదానికి సుమారు 20 రెట్లు. గూగుల్ ఆ లెక్కను ఒప్పుకోలేదు. ఒప్పుకుంటుందని ఎవరూ అనుకోలేదు. అంటే ఐఫోన్ కొన్నవాడికి దక్కేది గుడ్డిలో మెల్ల. అతను పెట్టే స్టేటస్‌లు చూస్తే మోక్షం దక్కినట్టుంటుంది.

రెండో శాఖ వైదికుల్లో వైదికం. ఆండ్రాయిడ్‌లోంచి గూగుల్‌ను తీసేసిన ఓఎస్‌ను ఫోనులో ఎక్కించుకోవడం వీరి పద్ధతి. లీనియేజ్ ఓఎస్, ఇ-ఓఎస్ వంటివి ఉన్నా, అందరూ తలవంచేది గ్రాఫీన్ ఓఎస్‌కే. ఈ గ్రాఫీన్ నడుస్తున్నది గూగుల్ తయారుచేసే పిక్సెల్ ఫోన్ల మీద. కాబట్టి గూగుల్‌ను వదిలించుకోవడానికి మొట్టమొదట చేయవలసిన పని గూగుల్‌కు డబ్బు కట్టడం. 2025లో పిక్సెల్ 9ఎ మన దేశంలో విడుదలైనప్పటి ధర 49,999 రూపాయలు. దీనికి సాంకేతిక కారణం సబబైనదే. బూట్‌లోడర్ తాళం తీసి, వేరే ఓఎస్ ఎక్కించి, తిరిగి తాళం వేసుకోనిచ్చే ఫోన్లు తక్కువ. పిక్సెల్‌లో ఆ వెసులుబాటుతో పాటు టైటన్ భద్రతా చిప్పు ఉంది. కారణం ఎంత సబబైనా, గూగుల్ దుకాణం ముందు క్యూ కట్టి గూగుల్ పీడ వదిలించుకునే దృశ్యంలో హాస్యం ఏమీ తగ్గదు.

గూగుల్ లేని ఫోను ఇంటికి వచ్చిన రెండో రోజుకు తేలే విషయం ఏమిటంటే, యాప్‌లలో చాలావాటికి గూగుల్ ప్లే సర్వీసెస్ లేకపోతే నోటిఫికేషన్ రాదు, మ్యాపు కదలదు. దీనికి గ్రాఫీన్‌లో పరిహారం ఉంది. ప్లే సర్వీసెస్‌ను మామూలు యాప్‌లాగే, ప్రత్యేకాధికారాలేవీ లేకుండా, ఒక డబ్బాలో బంధించి నడపవచ్చు. నిజంగానే తెలివైన ఏర్పాటు. అయితే యాభై వేలు పోసి ఇంట్లోంచి గెంటేసిన గూగుల్‌ను అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇవ్వడం ఎందుకని అడిగితే జవాబుగా గంట ఉపన్యాసం వస్తుంది. పైగా ఇంత చేసినా కొన్ని బ్యాంకు యాప్‌లు ఫోనుకు గూగుల్ ముద్ర ఉందో లేదో చూసుకుని, లేకపోతే తెరుచుకోవు. వాటి దృష్టిలో భద్రమైన ఫోనంటే గూగుల్ భద్రమని ధ్రువీకరించిన ఫోను.

రెండో ఘట్టం సేవల మార్పిడి. జీమెయిల్ స్థానంలో ప్రోటాన్ మెయిల్, గూగుల్ వెతుకులాట స్థానంలో డక్‌డక్‌గో, క్రోమ్ స్థానంలో ఫైర్‌ఫాక్స్, వాట్సాప్ స్థానంలో సిగ్నల్. ఈ నాలుగూ చెడ్డవి కావు. వీటిని వాడేవాళ్లు ఇచ్చే హామీలే వీటి తాహతుకు మించినవి. ప్రోటాన్ స్విట్జర్లాండ్‌లో ఉంది గనక ఎవరికీ దొరకదని నమ్మకం. 2021లో ఒక ఫ్రెంచి పర్యావరణ కార్యకర్త ఐపీ చిరునామాను స్విస్ అధికారుల ఆదేశం మీద ప్రోటాన్ అందజేసింది. ఆ తర్వాత, ఐపీ చిరునామాలు మేం భద్రపరచం అంటూ తన హోంపేజీలో రాసుకున్న వాక్యాన్ని మార్చుకుంది. స్విస్ చట్టానికి స్విస్ కంపెనీ లోబడకుండా ఎలా ఉంటుందన్న ప్రశ్న చేరేటప్పుడు ఎవరికీ తట్టలేదు. డక్‌డక్‌గో చూపించే ఫలితాల్లో ఎక్కువ భాగం మైక్రోసాఫ్ట్ బింగ్ నుంచి వస్తాయి. 2022లో దాని మొబైల్ బ్రౌజర్ మైక్రోసాఫ్ట్ ట్రాకర్లకు దారి విడుస్తోందని ఒక పరిశోధకుడు పట్టుకున్నాక, గగ్గోలు పుట్టాక, ఆ దారి మూసింది.

ఫైర్‌ఫాక్స్ కథ వీటికంటే రుచిగా ఉంటుంది. గూగుల్‌కు ఎదురు నిలిచిన స్వతంత్ర బ్రౌజర్‌గా దానికి పేరు. 2025 మేలో, ఆ గుత్తాధిపత్యపు కేసులోనే, మొజిల్లా ఆర్థికాధికారి వాషింగ్టన్ కోర్టులో బోనెక్కి, ఫైర్‌ఫాక్స్ ఆదాయంలో సుమారు 85 శాతం గూగుల్ ఇచ్చేదేనని, అది ఆగితే దుకాణం కట్టేయవలసి రావచ్చని చెప్పాడు. ఆ సెప్టెంబరులో న్యాయమూర్తి అమిత్ మెహతా ఇచ్చిన ఉత్తర్వు అటువంటి చెల్లింపులను పూర్తిగా ఆపలేదు. గూగుల్ నుంచి పారిపోయినవాడికి దాక్కునే చోటు గూగుల్ సొమ్ముతో కట్టిన సత్రమేనన్నమాట. సిగ్నల్ దగ్గర డబ్బు సమస్య లేదు, అది విరాళాల మీద నడుస్తుంది. కాకపోతే 2025 అక్టోబరు 20న అమెజాన్ క్లౌడ్ పడిపోయినప్పుడు సిగ్నల్ కూడా పడిపోయింది. సందేశాలకు తాళం గట్టిదే. ఆ తాళం వేలాడుతున్న తలుపు అమెజాన్‌ది. సిగ్నల్‌లో చేరాలంటే ఫోన్ నంబరు ఇవ్వాలి. మన దేశంలో నంబరు కావాలంటే గుర్తింపు పత్రం, ఫోటో ఇచ్చి సిమ్ తీసుకోవాలి.

వీపీఎన్ సంగతి రెండు ముక్కల్లో ముగించవచ్చు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్, వీపీఎన్ వాడేవాళ్ల పేర్లూ చిరునామాలూ 5 ఏళ్లు భద్రపరచాలని ఆదేశించగానే పేరున్న కంపెనీలు మన దేశంలోని సర్వర్లు ఎత్తేశాయి. అది వాటి మర్యాద. ఆ మర్యాద లేనివీ ఉన్నాయి. ఒనావో అనే వీపీఎన్‌ను 2013లో ఫేస్‌బుక్ కొన్నది. మీ సమాచారానికి రక్ష అని చెప్పుకున్న ఆ యాప్, జనం ఏ యాప్ ఎంతసేపు వాడుతున్నారో ఫేస్‌బుక్‌కు మోసింది. ఆపిల్ అభ్యంతరంతో 2018లో ఐఫోన్ నుంచి తప్పుకుంది.

ఈ మధ్య స్వదేశీ శాఖ కూడా వెలిసింది. 2025 సెప్టెంబరులో కేంద్రమంత్రులు జోహో సేవలకు మారుతున్నామని చాటగానే, నాలుగేళ్లుగా ఎవరూ తొంగిచూడని అరట్టై యాప్‌లోకి రోజుకు లక్షల్లో చేరారు. అప్పటికి ఆ యాప్‌లో కాల్స్‌కు మాత్రమే ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది, సందేశాలకు లేదు. వాట్సాప్‌లో ఆ రక్షణ 2016 నుంచే ఉంది. పరాయివాడు చదవలేని ఉత్తరాన్ని మనవాడు చదవగలిగేలా మార్చుకోవడాన్ని కూడా ప్రైవసీ ఖాతాలోనే రాసుకున్నారు.

ఇక ఆచరణ. మడి కష్టం వీధిలో తెలుస్తుంది. కొండాపూర్‌లో ఇడ్లీ బండి దగ్గర ప్లేటు ఖాళీ చేశాక దీక్షాపరుడు పర్సులోంచి 500 నోటు తీస్తాడు. బండతను నోటు వంకైనా చూడడు. “చిల్లర లేదన్నా, ఫోన్‌పే కొట్టు” అంటాడు. లేదంటే, “గూగుల్ పే?” అదీ లేదంటే, ఈసారి తలెత్తి మనిషిని పైనుంచి కిందికి చూస్తాడు, చేతిలో ఫోను కొత్తగా, ఖరీదుగా ఉంది. చివరికి ఇంట్లో భార్యకు ఫోను వెళ్తుంది. “ఒక్క అరవై రూపాయలు ఈ నంబరుకు కొట్టవా?” “మీ ఫోనుకేమైంది?” “ఏం కాలేదు. సేఫ్‌గానే ఉంది.” ఒక్క క్షణంలో స్పీకరు డబ్బా అరవై రూపాయలు ముట్టాయని వీధంతా వినిపించేలా చెబుతుంది. ఇడ్లీ తిన్నది ఆయన, ఎక్కడ ఎంత పెట్టిందీ నమోదైంది ఆవిడ ఖాతాలో.

మడిలో అసలు కీలకం ఇక్కడుంది. ఇంట్లో ఒకరు మడి కట్టుకుంటే మైల పనులన్నీ ఇంకొకరు చేసిపెట్టాలి. నీళ్ల ట్యాంకరు ఎన్నింటికొస్తుందో చెప్పే అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆవిడ ఉంటుంది. పిల్లల స్కూలు యాప్ ఆవిడ ఫోనులో, కరెంటు బిల్లు ఆవిడ ఫోనులో, క్యాబ్ ఆవిడ ఫోనులో. ఒంటరివాడైతే వంటగది సొరుగులో రెండో ఫోను పెట్టుకుంటాడు. అందులో యూపీఐ, బ్యాంకు, వాట్సాప్ అన్నీ ఉంటాయి, అతని అసలు సిమ్ కూడా అందులోనే ఉంటుంది. మడి ఫోనులో మిగిలేవి వాతావరణం, గడియారం, ప్రైవసీ గురించిన పాడ్‌కాస్టులు.

ప్రభుత్వమూ మైల ఫోను వైపే ఉంది. ఆంధ్రప్రదేశ్ 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. తర్వాత ఆ సంఖ్య ఇంకా పెరిగింది. ఇంటర్ ఫలితాలు కూడా అందులో చూసుకున్నారు. పౌరసేవలను మెటా గుమ్మంలోంచి అందిస్తున్న రాష్ట్రంలో మెటాను బహిష్కరించిన పౌరుడికి మీసేవ కౌంటరు, అక్కడి వరస మిగిలే ఉన్నాయి. ఆ వరసలో నిలబడ్డాక అడిగేది ఆధార్ జిరాక్సు.

సొంత ఫోను ఎంత శుద్ధిగా ఉన్నా, అతని నంబరు రెండు మూడు వందల మంది ఫోన్లలో ఉంటుంది. వాళ్లలో పదిమంది ట్రూకాలర్ వేసుకుని కాంటాక్టులు అప్పగిస్తే అతని పేరు ఆ జాబితాలోకి చేరిపోతుంది. ఒక్కోసారి దీక్షాపరుడు తెలియనివాళ్లకు ఫోను చేస్తే అవతలి తెర మీద ‘302 మెయింటెనెన్స్ బాకీ’ అని పడుతుంది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఫోన్ నంబరు అడిగి, ఫోటో తీసి, గేటు యాప్‌లో ఎక్కించి గానీ లోపలికి పంపడు. లోపలికి వెళ్తున్నది ఎన్‌క్రిప్షన్ మీద నాలుగు మంచి మాటలు చెప్పడానికైనా సరే. ఈ గేటు దగ్గర ఎందుకో ఎవరూ మైలపడరు. ఫోటో తీసేవాడికి జీతం తక్కువ గనక, అతను సేకరించే సమాచారం కూడా చిన్నదేనన్న అభిప్రాయం ఉన్నట్టుంది.

జిరాక్సు షాపు ఇంకో మినహాయింపు. ఏ సంస్థకూ ఆధార్ నకళ్లు ఇవ్వవద్దని, ఆధార్ జారీచేసే ఉడాయ్ బెంగళూరు కార్యాలయం 2022 మేలో హెచ్చరించింది. రెండు రోజులకే కేంద్రం ఆ హెచ్చరికను వెనక్కి తీసుకుంది. 2024 జనవరిలో హైదరాబాద్ బాలానగర్ ఫ్లైఓవర్ మీద ప్రజాపాలన దరఖాస్తులు, జనం పేర్లూ వివరాలూ నింపి ఇచ్చినవి, బైకు మీద అట్టపెట్టెలో తరలిస్తుండగా రోడ్డున చెల్లాచెదురయ్యాయి. వాటిని ఏరింది దారిన పోయేవాళ్లు. ఈ లీకులో సిలికాన్ వ్యాలీ ప్రమేయం బొత్తిగా లేదు. ఏ ఓఎస్ మార్చినా ఆ అట్టపెట్టె తాడు బిగుసుకునేది కాదు.

ప్రైవసీ పోతే ఏమవుతుందో తెలుగువాళ్లకు పుస్తకంలో చదివి తెలుసుకోవలసిన గతి పట్టలేదు. 2020లో లాక్‌డౌన్ తర్వాత రుణ యాప్‌లు పదివేలు అప్పిచ్చేముందు ఫోనులోని కాంటాక్టులు, ఫోటోలు లాక్కున్నాయి. కిస్తీ ఒక రోజు ఆలస్యమైతే అప్పు తీసుకున్నవారి ఫోటోకు దొంగ అని రాసి, అత్తమామల నుంచి ఆఫీసు బాసు దాకా అందరికీ పంపాయి. తెలుగు రాష్ట్రాల్లో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి, చైనా దేశస్థులతో సహా పలువురిని అరెస్టు చేశారు. ఆ బాధితుల చేతుల్లో ఉన్నవి చవక ఆండ్రాయిడ్ ఫోన్లు, కొన్నప్పుడే అక్కర్లేని యాప్‌లతో నిండి వచ్చినవి. వాళ్లను గ్రాఫీన్‌కు మారమని ఎవరూ చెప్పలేదు. చెప్పినా, పిక్సెల్ కొనగలిగిన మనిషి పదివేల కోసం ఆ యాప్ గడప తొక్కడు. పరిస్థితిలో మార్పు తెచ్చినవి నిబంధనలు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు రుణ యాప్‌లు కాంటాక్టులు, కాల్ లాగ్‌లు, ఫైళ్లు ముట్టుకోకూడదంది. 2023లో గూగుల్ సైతం తన ప్లే స్టోరులో ఆ నియమం పెట్టింది. మడి శాఖలన్నిటికీ ప్రథమ శత్రువైన కంపెనీ విధానంలో మారిన ఒక్క పేరా, కోట్ల ఫోన్లలో కాంటాక్టుల తలుపు మూసింది. ఎవరి దీక్షా దాన్ని మూయించలేదు.

చట్టం వైపు చూస్తే ఓపిక పరీక్షే. జస్టిస్ పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తేల్చింది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం రావడానికి 2023 ఆగస్టు దాకా పట్టింది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి మరో 18 నెలల గడువుతో. ప్రభుత్వ సంస్థలను చట్టం నుంచి మినహాయించే అధికారం కేంద్రం చేతిలో ఉంది, సమాచార హక్కు చట్టంలోని ఒక సెక్షనుకు ఇందులోనే కోతపడింది. 2025 జనవరిలో ముసాయిదా నిబంధనలను ప్రజాభిప్రాయానికి పెట్టారు. అభిప్రాయం రాసి పంపడానికి కొత్త ఫోను కొననక్కర్లేదు. ఆ పనికి ఆకర్షణ తక్కువగా ఉండటానికి కారణం అదేనేమో. 2021లో వాట్సాప్ పెట్టిన ఆ నోటీసుకు 2024 నవంబరులో మెటా మీద 213.14 కోట్ల జరిమానా వేసింది కాంపిటీషన్ కమిషన్. వీడ్కోలు సందేశాల వల్ల మెటాకు తగ్గిన రాబడి లెక్క ఎక్కడా కనిపించదు.

గట్టి ఫోను నిజంగా అవసరమైనవాళ్లు లేకపోలేదు. 2021లో పెగసస్ నిఘా సాఫ్ట్‌వేర్ లక్ష్యాల జాబితా బయటపడ్డప్పుడు అందులో విలేకరులు, హక్కుల కార్యకర్తలు ఉన్నారు. కొట్టే మొగుడి నుంచి తప్పించుకుని వచ్చి, తానెక్కడున్నదీ తెలియకూడదనుకునే ఆడమనిషికి లొకేషన్ కట్టేయడం ప్రాణానికి సంబంధించిన పని. వీళ్లు ఏ ఫోను వాడుతున్నారో పదిమందికీ చెప్పుకోరు. మడి కట్టినవాడిని గుర్తుపట్టేది ఆ చెప్పుకోవడంలోనే. గూగుల్‌ను వదిలేశానన్న ప్రకటన ఎక్కువగా వెలువడేది లింక్డ్‌ఇన్‌లో. దాని యజమాని మైక్రోసాఫ్ట్.

చివరి ఘట్టం ఉద్యాపన. ఏడాది తిరిగేలోపు చాలా దీక్షలు ముగుస్తాయి. పిల్లాడి స్కూలు ఫీజు యాప్‌లోనే కట్టాలనడమో, బ్యాంకు ఓటీపీ రాకపోవడమో, ఇంట్లో ఆవిడ ఇక ఎవరికీ డబ్బులు కొట్టనని తెగేసి చెప్పడమో నిమిత్తమవుతుంది. అప్పుడు పిక్సెల్‌ను అమ్మకానికి పెడతారు. చూడటానికొచ్చిన కుర్రాడు కెమెరా అడగడు, బ్యాటరీ అడగడు, ఫోన్‌పే నడుస్తుందా అని అడుగుతాడు. ఏ సందేహం లేకుండా నడవాలంటే పాత ఓఎస్ తిరిగి ఎక్కించాలి. అందుకు గూగుల్ ఉచితంగా ఇచ్చే ఫ్లాష్ టూల్ ఉంది, క్రోమ్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. కేబుల్ పెట్టి, నాలుగు బటన్లు నొక్కి, పావుగంట ఆగితే ఫోను ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటిలా తయారవుతుంది. బేరం కుదిరాక కుర్రాడు అక్కడికక్కడే తన పాత ఫోనులోంచి డబ్బు పంపుతాడు. అది ఆవిడ నంబరుకు వెళ్తుంది.